పది శాతం పక్కన పచ్చ టిక్కు

"ఇలా వచ్చి కూర్చో అమ్మా" అంటూ పెద్దాయన తన పక్క కుర్చీలో ఉన్న కాగితాల కట్టను తానే తీసి నేలమీద పెట్టాడు. ఆ కుర్చీలో పందొమ్మిదేళ్ళుగా నేను కూర్చుంటున్నాను. నేను కూర్చునేటప్పుడు కాగితాలు నేనే తీసుకునేవాణ్ణి. ఈ తేడా గదిలో ఇంకెవరూ గమనించలేదు. ఇలాంటివి గమనించే పని ఎవరో నాకు అప్పగించినట్టు, నేను గమనించాను.

మాది భవనాలకు లెక్కలు వేసి ఇచ్చే ఆఫీసు. గడియారాలు బాగుచేసే కొట్టు పైన మూడు గదులు. ఏ దూలం ఎంత మందం ఉండాలి, ఏ స్లాబు ఎంత బరువు మోస్తుంది, ఏ గోడ తీస్తే ఏది కూలుతుంది, ఇవీ మా లెక్కలు. పెద్దాయన పెట్టిన ఆఫీసది. తరవాత నేను చేరాను. మధ్యలో చాలామంది వచ్చారు, పోయారు. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి మూడేళ్ళ క్రితం వచ్చింది. మూడేళ్ళయినా మాకింకా కొత్తమ్మాయే.

ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఒకరు వేసిన లెక్కను ఇంకొకరు మొదటి నుంచీ విడిగా వేసి చూడాలి. సరిపోయిన ప్రతి అంకె పక్కనా పచ్చ పెన్సిలుతో టిక్కు పెట్టాలి. ఆ పెన్సిలు ఆఫీసులో ఒక్కరి దగ్గరే ఉంటుంది. అది నా దగ్గర ఉండేది. రెండేళ్ళుగా పెద్దాయన చూపు మసకబారింది. అంకెలు చీమల బారులా కదులుతాయట. రంగులు మాత్రం తెలుస్తాయి. కాగితం అంచున వేలు ఆనించి, కిందికి జరుపుకుంటూ పోయి, పచ్చ ఎక్కడా తెగకుండా ఉంటే సంతకం పెడతాడు.

"నాకు అంకెలతో పనేముందిరా అబ్బాయ్, నీ పచ్చ కనబడితే చాలు" అంటాడు. యాభయ్యో ఏట కూడా నన్ను అబ్బాయ్ అని పిలిచే మనిషి ఆయనొక్కడే.

ఆ రోజు మాట్లాడుతున్నది ఒక ఆస్పత్రి పని గురించి. పాత భవనం. వాకిట్లో మూడడుగుల ఎత్తున మెట్లు. అంబులెన్స్ మెట్ల కింద ఆగితే, నలుగురు కలిసి స్ట్రెచర్ ఎత్తి పైకి మోస్తారు. వాకిలి ముందు జాగానంతా మూడడుగులు లేపి, అంబులెన్స్ వెనక్కి వచ్చి గుమ్మానికి సమానంగా నిలబడేలా చేయమన్నారు. చిక్కేమిటంటే ఆ జాగా కింద మట్టి లేదు. నేలమాళిగ ఉంది, అందులో మందుల గిడ్డంగి. అంటే మేము లేపాల్సిన కొత్త నేల ఒక పాత స్లాబు నెత్తిన కూర్చోవాలి. మూడడుగుల మట్టి పోసినా, ఇటుక ముక్కలు పోసినా ఆ బరువుకే స్లాబు నడుం విరుగుతుంది.

నేను సన్నటి ఇటుక గోడలు వరసగా లేపి, పైన పలకలు పరుద్దామన్నాను.

"మరి గోడల్నెవరు మోస్తార్రా? మందు సీసాలా?" అన్నాడు పెద్దాయన.

కొత్తమ్మాయి నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ఫోమ్ దిమ్మలు నింపుదాం సార్" అంది. "మూడడుగులూ ఫోమే. పైన ఆరంగుళాల కాంక్రీటు. దిమ్మల బరువు లెక్కలోకే రాదు."

"థర్మాకోలా?" అన్నాను. "టీవీ పెట్టెలో వస్తుందే, అదా? దాని మీద అంబులెన్స్ ఎక్కిస్తావా?"

"టీవీని పగలకుండా కాపాడేది అదే కదా సార్."

పెద్దాయన పగలబడి నవ్వాడు. తల వెనక్కి వాల్చి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు. ఆ నవ్వు నేను తెప్పించి ఎన్నాళ్ళయిందో లెక్క వేయబోయాను. లెక్కలే కదా నా వృత్తి. తేలలేదు.

*

వారం తిరక్కుండా ఆమె టేబులు మీదికి మూడు ఫోమ్ ముక్కలు వచ్చాయి. మెత్తటిది, మధ్య రకం, గట్టిది. జానెడు పొడవు, జానెడు వెడల్పు, అంతే ఎత్తు. మూడూ తెల్లగా ఒకేలా ఉండేవి. వేలితో నొక్కితే తప్ప తేడా తెలియదు. ఆఫీసుకు ఎవరొచ్చినా ముందు వాటిని నొక్కి చూడటం అలవాటైంది. కింది కొట్టులోని గడియారాలాయన కూడా పైకొచ్చి నొక్కి, "తలకిందికి బాగుంటుంది" అని చెప్పిపోయాడు.

ఆమె మెత్తటి ముక్కను వరండాలో పెట్టింది. దాని మీద చెక్క, చెక్క మీద నీళ్ళ క్యాన్లు ఒకదానిమీద ఒకటి. గంటకోసారి స్కేలు పట్టుకుని కింద మోకాళ్ళ మీద కూర్చుని కొలిచేది. పెద్దాయన కర్ర పట్టుకుని వెళ్ళి, "ఎంత దిగిందమ్మా?" అని అడిగేవాడు. కనబడకపోయినా వంగి చూసేవాడు. అలా వంగడానికి ఆయన నడుం ఎంత నొప్పి పెడుతుందో నాకు తెలుసు. నా లెక్క కోసం ఆయన ఎప్పుడూ వంగాల్సిన అవసరం రాలేదు. నేను కాగితాన్ని ఆయన ఎత్తుకే తెచ్చేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక నేను క్యాన్లు దించేసి, చెక్క తీసేసి, ఆ ముక్క మీద నేనే ఎక్కి నిలబడ్డాను. బూట్లతో. ఏమనుకున్నానో స్పష్టంగా చెప్పగలను. అది నా కింద చితికిపోతే, సాయంత్రం పెద్దాయన దగ్గరికి వెళ్ళి బాధగా మొహం పెట్టి చెప్పవచ్చని. అది చితకలేదు. నిక్షేపంగా మోసింది. ఖాళీ వరండాలో, ఒక తెల్ల ముక్క మీద, చేతులు రెండు పక్కలా చాపి, పడకుండా నిలదొక్కుకుంటున్న నన్ను ఎవరూ చూడనందుకు సంతోషించి, కిందికి దిగి, కసి తీరక బొటనవేలి గోటితో దాని పక్కన నాలుగు గాట్లు పెట్టి, అన్నీ ఎక్కడివక్కడ సర్దేశాను.

ఆ సాయంత్రం ఆమె అడిగింది. "ఈ గాట్లేంటి సార్?"

"ఎలుకలేమో."

ఆమె ముక్కను వెలుతురులోకి తిప్పి చూసింది. "ఎలుకలకి బొటనవేలుంటుందా సార్?"

అంతే. ముక్కను మళ్ళీ చెక్క కింద పెట్టేసింది. ఆ రాత్రి భోజనం దగ్గర ఈ మాట మా ఆవిడకు చెప్పాను. గాట్లు ఎవరు పెట్టారో మాత్రం చెప్పలేదు.

"ఆ పిల్ల అక్కడ తుమ్మితే ఇక్కడ నాకు తెలుస్తోంది" అంది మా ఆవిడ. "నిన్న ఏం రంగు పెన్ను వాడిందో చెప్పారు. మొన్న పెద్దాయన ఆమెకు ముందు టీ పోయించాడని చెప్పారు. నాకో సంగతి చెప్పండి, మీకు ఆ పిల్లంటే ఇష్టమా, కుళ్ళా?"

"ఏం మాటలవి?"

"ఇష్టమైతే నేను ఏడుస్తాను. కుళ్ళయితే మీరేడవాలి. ఎవరేడవాలో తేలిస్తే నేను గిన్నెలు తోముకుంటా."

నేను చేయి కడుక్కున్నాను. కుళ్ళు అన్న మాట నాకు నచ్చలేదు. నాకు కలిగేది అంత చిన్నది కాదనుకున్నాను. ఏదో అన్యాయం జరుగుతోందనీ, దాన్ని చూడగలిగింది నేనొక్కణ్ణేననీ అనిపించేది. కుళ్ళు పట్టినవాడికి అది అచ్చం అలాగే అనిపిస్తుందని అప్పటికి తెలియదు.

*

ఆమె లెక్క నా టేబులు మీదికి వచ్చింది. పద్నాలుగు పేజీలు, ముత్యాల్లాంటి అంకెలు. నేను తలుపు వేసుకుని మొదలుపెట్టాను.

తప్పు తొమ్మిదో పేజీలో దొరికింది. వెతకనక్కర్లేకపోయింది. పేజీ తిప్పగానే అదే నాకోసం లేచి నిలబడినట్టు కనబడింది.

ఫోమ్ అమ్మేవాళ్ళు ప్రతి రకానికీ రెండు అంకెలు ఇస్తారు. దిమ్మ తన ఎత్తులో పది శాతం అణిగేందుకు ఎంత బరువు కావాలన్నది మొదటిది. ఒక్క శాతం అణిగేందుకు ఎంత కావాలన్నది రెండోది. పది శాతం అంకె పెద్దది కాబట్టి దాన్ని లావుగా అచ్చేస్తారు. ఒక్క శాతం అంకె కింద ఎక్కడో సన్నటి అక్షరాల్లో ఉంటుంది. నేల వేసేటప్పుడు చూడాల్సింది ఆ సన్నటి అంకెనే. ఒక్క శాతం దాకా అణిగిన ఫోమ్ బరువు తీయగానే మళ్ళీ లేస్తుంది. పది శాతం అణిగింది ఇక లేవదు. మూడడుగుల దిమ్మకు పది శాతమంటే మూడున్నర అంగుళాలు.

ఆమె లావు అంకె తీసుకుంది. దాని ప్రకారం మెత్తటి రకమే చాలని తేల్చింది. అవసరానికి మించి గట్టిది వాడటం పెద్దాయనకు గిట్టదు, "భయానికి లెక్కలో చోటు లేదు" అంటాడు. అందుకే ఆమె నిజాయితీగా మెత్తటిదాన్నే రాసింది.

తరవాత జరగబోయేది నాకు సినిమాలా కనబడింది. మొదటి నెల ఏమీ కాదు. ఆరు నెలలకు అంబులెన్స్ చక్రాలు ఆగే చోట నేల నెమ్మదిగా కుంగుతుంది. కాంక్రీటు నెర్రె తీస్తుంది. గుమ్మం దగ్గర ఒక అంచు లేస్తుంది. ఒక అంగుళం, ఆపైన రెండు. వేగంగా తోసుకొచ్చే స్ట్రెచర్ చక్రం ఆ అంచుకు తగిలి ఆగుతుంది. పైనున్న మనిషి కుదుపుకు ముందుకు జరుగుతాడు. అప్పుడు ఎవరో అడుగుతారు, ఈ థర్మాకోల్ పెట్టింది ఎవరు అని.

ఆ లెక్క కింద నా పేరు కూడా ఉంటుందన్నది ఆ సినిమాలో ఎందుకో రాలేదు.

ఆ సమయంలో చేయి నా మాట వినలేదని చెప్పుకోవడానికి లేదు. నేను ముందు పెన్సిలు చెక్కుకున్నాను. చెక్కిన పొట్టు కాగితంలో పోగుచేసి బుట్టలో వేసి వచ్చాను. తరవాత కూర్చుని, ఆ అంకె పక్కన, మిగతా అన్ని టిక్కుల కంటే కొంచెం అందంగా, పచ్చ టిక్కు పెట్టాను.

పెద్దాయన సాయంత్రం వేలు ఆనించి జరుపుకుంటూ వచ్చాడు. తొమ్మిదో పేజీలో ఆయన వేలు ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు. సంతకం పెట్టి, "మంచి పని చేసింది పిల్ల. కదరా?" అన్నాడు.

"చేసింది" అన్నాను.

*

దిమ్మలు వచ్చిన రోజు ఆస్పత్రి వాకిలి జాతరలా ఉంది. మనిషి కంటే పొడవైన దిమ్మను ఒక్కొక్కరూ ఒంటి చేత్తో ఎత్తుకుని నడుస్తుంటే, వాకిట్లో కూర్చున్న రోగుల బంధువులు నోళ్ళు తెరిచి చూశారు. మేస్త్రి ఒక దిమ్మను భుజాన వేసుకుని నా ముందు కావాలని రెండుసార్లు తిరిగాడు.

"ముప్పై ఏళ్ళుగా మోస్తున్నా సార్, ఇవాళే మనిషినయినట్టుంది" అన్నాడు. "ఈ బెండు ముందే కనిపెట్టి ఉంటే నా మెడ ఇంకో అంగుళం పొడుగుండేది."

గాలికి రెండు దిమ్మలు లేచి దొర్లాయి. వాటి మీద బరువుగా ఇటుకలు పెట్టించాడు మేస్త్రి. నా వైపు చూసి పళ్ళికిలించాడు. "మీ ఇటుకలక్కూడా పని దొరికింది సార్."

మర్నాటికి దిమ్మలన్నీ వరసలుగా పేర్చారు. కింది వరస అతుకుల మీద పై వరస అతుకులు పడకుండా, ఒకదానికొకటి కదలకుండా బిగించారు. పైన ఇనుప వల పరిచారు. కాంక్రీటు బండి వచ్చి గేటు బయట నిలబడింది. పెద్దాయన మిగిలిపోయిన ఒక దిమ్మ మీద కర్ర ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. కొత్తమ్మాయి నా పక్కకు వచ్చి నిలబడింది. నెత్తిన టోపీ, మోచేతుల దాకా దుమ్ము, మొహం నిండా వెలుగు. ఆ వెలుగును నేను పక్కకంటితో చూశాను. ఎండను నేరుగా చూడనట్టు.

"సార్, ఒకటి చెప్పనా? మీరు నవ్వకూడదు."

"చెప్పు."

"ఈ లెక్క రెండు రకాలుగా వేశాను. పది శాతం అంకెతో ఒకటి, ఒక్క శాతం అంకెతో ఒకటి. రెండోదాంట్లో మధ్య రకం కావాలని వచ్చింది. ఏది కరెక్టో నాకు తేలలేదు. అమ్మేవాళ్ళేమో అందరూ పది శాతమే చూస్తారన్నారు. నాకు నమ్మకం కలగలేదు. పోనీ మొదటిది పంపుదాం, తప్పయితే మీరెలాగూ కొట్టేస్తారు కదా అనుకున్నాను. మీరు టిక్కు పెట్టారు. అమ్మయ్య అనుకుని రెండోది చింపేశాను." నవ్వింది. "అనవసరంగా రెండు రాత్రులు నిద్ర పాడుచేసుకున్నాను."

నేను జేబులోని పచ్చ పెన్సిలు తడుముకున్నాను.

"పెద్దాయనకు కూడా చెప్పాను, మీ పచ్చ ఉంటే నాకు ఏం రాయడానికైనా భయం ఉండదని. 'వాడి పచ్చ చూసే నేను బతుకుతున్నాను, నువ్వెంత' అన్నారు."

సరిగ్గా అప్పుడే ఒక అంబులెన్స్ పక్క సందులో ఆగింది. ముందు వాకిట్లో పని జరుగుతోంది కాబట్టి పక్క మెట్ల మీదుగా మోస్తున్నారు. నలుగురు, స్ట్రెచర్ మీద ఒక ముసలావిడ. మూడో మెట్టు దగ్గర ముందు చక్రం అంచుకు కొట్టుకుంది. ఆవిడ కేక వేయలేదు. స్ట్రెచర్ పక్క గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుంది, అంతే. వేళ్ళు తెల్లబడటం అంత దూరం నుంచి కూడా నాకు కనబడింది.

"మేస్త్రీ, బండి ఆపు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మేస్త్రి చేయి ఎత్తాడు. డ్రమ్ము తిరుగుతూనే ఉంది, మనుషులు మాత్రం ఆగారు.

"ఏమైందిరా అబ్బాయ్?" అన్నాడు పెద్దాయన.

దగ్గరికి వెళ్ళి చెప్పాను. మెత్తటి రకం పనికిరాదని. తొమ్మిదో పేజీలో అంకె తప్పని. ఒక్క శాతం అంకె తీసుకోవాలని, దానికి మధ్య రకం కావాలని.

"నీ పచ్చ ఉంది కదా దాని మీద?"

"ఉంది."

ఆయన కర్ర పిడిని నిమిరాడు. "పొరపాటు పడ్డావా? పడతార్రా. నీకూ వయసు మీదికి వస్తోంది. నా కళ్ళ దారే నీ కళ్ళూ పట్టినట్టున్నాయి."

కొత్తమ్మాయి మొహంలో వెలుగు పోయింది. అయినా ముందుకే వచ్చింది. "తప్పు నాది సార్. రాసింది నేను. సార్ ఎన్ని పేజీలని చూస్తారు?"

నాకోసం తెరిచిన తలుపు అది. ఒక్క అడుగు వేసి బయటపడవచ్చు. వయసు, కళ్ళు, అలసట. ఇంటికి వెళ్ళి మా ఆవిడకు కూడా అదే చెప్పవచ్చు. కానీ ఆ క్షణంలో నాకు భరించరానిదిగా అనిపించింది ఒక్కటే. తప్పును కూడా ఆమే తీసుకెళ్ళిపోతోంది. నేను కనిపెట్టిన తప్పును. దాన్ని కనిపెట్టే కళ్ళు నాకు లేవని ఈ ఇద్దరూ కలిసి, జాలిపడి, తేల్చేస్తున్నారు.

"పొరపాటు కాదు" అన్నాను. "పేజీ తిప్పిన నిమిషంలోనే కనిపెట్టాను."

నిజం చెప్పినవాడి గొంతులో ఉండాల్సిన బరువు అందులో లేదు. గర్వం ఉంది. అది నాకు వినబడింది, వాళ్ళకూ వినబడే ఉంటుంది.

"కనిపెట్టి?" అన్నాడు పెద్దాయన.

"టిక్కు పెట్టాను."

మేస్త్రి నేల వైపు చూశాడు. కొత్తమ్మాయి నా బొటనవేలి వైపు చూసింది. అనవసరంగా నేను దాన్ని పిడికిట్లో దాచుకున్నాను.

"ఎందుకురా?"

పందొమ్మిదేళ్ళకు సరిపడా కారణం ఏదో నా దగ్గర ఉందనుకున్నాను. వెతికితే చేతికి దొరికింది ఇంత. "ఆ రోజు ఆ కుర్చీలో కాగితాలు మీరే తీశారు. ఈ అమ్మాయి కూర్చోవడానికి."

పెద్దాయన మసక కళ్ళు నా మొహం ఉండాల్సిన చోటు కోసం వెతికాయి.

"ఏ కుర్చీరా?" అన్నాడు.

ఆయన నటించడం లేదు. ఆయనకు నిజంగా గుర్తు లేదు.

చేయి చాపాడు. నేను జేబులోంచి పచ్చ పెన్సిలు తీసి ఆ చేతిలో పెట్టాను. ఆమెకు ఇస్తాడనుకున్నాను. ఇచ్చేయాలని కూడా కోరుకున్నాను, అప్పుడు నాకు కోపం తెచ్చుకునే హక్కు వస్తుందని. ఆయన ఇవ్వలేదు. తన చొక్కా జేబులో పెట్టుకుని, బండి వెనక్కి పంపమని మేస్త్రికి చెప్పి, ఆమె భుజం పట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళిపోయాడు.

*

పేర్చిన దిమ్మలన్నీ విప్పి వెనక్కి పంపి, మధ్య రకం తెప్పించడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ పక్క మెట్ల మీదుగానే మోశారు. నేను రోజూ వెళ్ళి చూశాను. ఎవరూ వెళ్ళమనలేదు.

ఆ మధ్యలోనే కొత్త లెక్క తయారయ్యాక పెద్దాయన మా ఇద్దర్నీ పిలిచాడు. టేబులుకు అటు ఆమె, ఇటు నేను. తన పక్క కుర్చీ ఖాళీగా వదిలేశాడు. కాగితాలు మళ్ళీ దాని మీదే ఉన్నాయి.

"ఇక పచ్చ లేదు" అన్నాడు. "అమ్మాయి ఒక్కో అంకె పైకి చదువుతుంది. నువ్వు విడిగా వేసుకున్నది చూసి, సరిపోతే సరిపోయిందని పైకి చెప్పాలి. నేను వింటాను. కళ్ళు పోయాయి కానీ చెవులు బాగానే ఉన్నాయి."

కళ్ళు మూసుకున్నాడు. ఆయన తల కొంచెం ఆమె వైపు వాలి ఉంది. అది కూడా గమనించాను. మానలేకపోయాను.

ఆమె చదవడం మొదలుపెట్టింది. కాంక్రీటు మందం. సరిపోయింది. అంబులెన్స్ నిండు బరువు. సరిపోయింది. ఒక్కో చక్రం కింద పడే భారం. సరిపోయింది. ఆమె గొంతులో కోపం లేదు, స్నేహం కూడా లేదు. కింది గడియారాల కొట్టులోంచి టిక్కు టిక్కు వినబడుతోంది. తొమ్మిదో పేజీ తిప్పింది.

"మధ్య రకం ఫోమ్. ఒక్క శాతం దగ్గర" అని అంకె చదివింది.

నా కాగితం చూశాను. అదే అంకె. ముందు రోజు మూడుసార్లు వేశాను, ఎక్కడైనా తేడా వస్తుందేమోనని. రాలేదు.

"సరిపోయింది" అన్నాను.

ఆమె తరవాతి అంకెకు వెళ్ళలేదు. వేలు అక్కడే ఉంచింది. పెద్దాయన కళ్ళు తెరవలేదు.

"సార్," అంది, "మళ్ళీ ఒకసారి చెప్పండి."

మళ్ళీ చెప్పాను.